స్ప్రింగు కడుపులో గొట్టం

ఇలా మంటకి దగ్గరగా జరగండి. చలి బాగానే ఉంది, ఇవాళ్టి కబురు కూడా కాస్త పొడుగే. తుపాకి గురించి. ఉలిక్కిపడకండి, తిరునాళ్లలో బుడగలు పేలుస్తారే, ఆ ఎయిర్ రైఫిల్. మొత్తం రైఫిల్ గురించీ కాదులెండి. దాని స్ప్రింగు కడుపులో బెత్తెడు గొట్టం ముక్క ఒకటి దాక్కుని ఉంటుంది. స్ప్రింగ్ గైడ్ అంటారు. తుపాకి కొని, పదేళ్లు వాడి, అమ్మేసినవాళ్లు కూడా చాలామంది దాని మొహం చూసి ఉండరు. ఆ ముక్కని దేంతో చేయాలి, ఎలా చేయాలి అన్నదే ఇవాళ్టి గొడవ.

"బెత్తెడు గొట్టానికి ఇంత ఉపోద్ఘాతమా?" అంటారని తెలుసు. హైదరాబాదు నాంపల్లిలో ఏటా జనవరి మొదట్లో నుమాయిష్ అనే ప్రదర్శన మొదలవుతుంది కదా, అక్కడ బుడగల స్టాలు దగ్గర ఓసారి ఆగండి. బుడగ పగిలిందా లేదా అన్నది వదిలేసి చెవి తుపాకి మీద పెట్టండి. ట్రిగ్గర్ నొక్కగానే ఠప్పుమంటుంది. దాని వెనకే ఝణణణ అంటూ ఒక వణుకు చెక్కలోంచి మీ దవడలోకి పాకుతుంది. ఠప్పు గాలిది, ఝణఝణ స్ప్రింగుది. ఇంగ్లండులో, అమెరికాలో ఈ తుపాకుల పిచ్చి ఉన్నవాళ్లు దాన్ని ట్వాంగ్ అంటారు. కొత్త తుపాకి కొన్న వారానికే దాన్ని విప్పి, ఆ ట్వాంగ్‌ని చంపేదాకా నిద్రపోనివాళ్లు అక్కడ బోలెడంతమంది. ఆ వేటలో వాళ్లు మొదట అనుమానించేది ఈ గొట్టాన్నే. నూటికి నూరుపాళ్లూ సరైన అనుమానమే అంటాను.

లోపల ఏం జరుగుతుందో ముందు చెప్పేస్తాను. ఇందులో గాలి నిల్వ ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉండదు. బ్యారెల్‌ని కీలు దగ్గర విరిచినట్టు వంచినప్పుడు, అంటే తుపాకి కాక్ చేసినప్పుడు, మీరు నొక్కేది స్ప్రింగుని. దాని ముందు పిస్టన్ ఉంటుంది. ట్రిగ్గర్ వదలగానే స్ప్రింగు పిస్టన్‌ని ముందుకి తోస్తుంది. ఎదురుగా ఉన్న మామూలు గాలి ఒక్కసారిగా నలిగి, వేడెక్కి, సన్నటి రంధ్రంలోంచి వెళ్లి పెల్లెట్‌ని, అంటే ఆ చిన్న గుండుని, నెడుతుంది. పిస్టన్ తన దారి చివర, ఆ నలిగిన గాలి మీదే ఒకసారి వెనక్కి ఎగిరి, మళ్లీ ముందుకి వచ్చి ఆగుతుంది. అంతా కలిపి సెకనులో నూరో వంతు అటూ ఇటూ. ఈ తుపాకికి కుదుపులు రెండు. పిస్టన్ బయల్దేరినప్పుడు తుపాకి వెనక్కి పోతుంది, పిస్టన్ ఆగినప్పుడు ముందుకి పోతుంది. మందుగుండు తుపాకి మీద ఏళ్లతరబడి నిలిచిన టెలిస్కోపు దీని మీద పెడితే నెలలో పాడవడానికి కారణం ఆ రెండో కుదుపే.

ఇంగ్లండులో కార్డ్యూలని తండ్రీకొడుకులు ఈ చిన్న యంత్రం మీద ఏళ్లతరబడి ప్రయోగాలు చేశారు. 1995లో 'ది ఎయిర్‌గన్ ఫ్రమ్ ట్రిగ్గర్ టు టార్గెట్' అని పుస్తకం వేశారు. ఈ రంగంలో చేయి పెట్టేవాళ్లు ఇప్పటికీ తిరగేసే పుస్తకం అది. స్ప్రింగులో మీరు చేత్తో దాచిన శక్తిలో పెల్లెట్‌కి చేరేది సుమారు మూడో వంతే. మిగతాది వేడికి, రాపిడికి, కుదుపుకి, ఆ ఝణఝణకి పోతుంది. గైడు మార్చి పెల్లెట్ వేగం అమాంతం పెంచేద్దామని ఎవరైనా చెబితే నమ్మకండి. మహా అయితే కొద్దిగా పెరుగుతుంది, బిగుతు మితిమీరితే తగ్గుతుంది కూడా. గైడు పని బలం ఇవ్వడం కాదు, స్ప్రింగుకి నడవడిక నేర్పడం. ప్రతి గుండుకీ తుపాకి ఒకే రకంగా కదిలితే గురి దానంతట అదే కుదురుతుంది.

ఇప్పుడు లెక్కకి ఒక స్ప్రింగు తీసుకుందాం. తీగ మందం 3.2 మిల్లీమీటర్లు, లోపలి వ్యాసం 15, చుట్లు 32, విడిగా ఉన్నప్పుడు పొడవు 270. పెద్ద రైఫిళ్లలో ఉండే స్ప్రింగుకి ఇవి దగ్గర కొలతలే. ఇంజినీరింగు చదివినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, స్ప్రింగు పొడవు దాని వ్యాసానికి నాలుగైదు రెట్లు దాటితే, నొక్కినప్పుడు అది తిన్నగా నలగదు, పక్కకి వంగి ఉబ్బుతుంది. మన స్ప్రింగు పొడవు వ్యాసానికి పద్నాలుగు రెట్ల పైనే. అరచేతుల మధ్య పెట్టి నొక్కి చూడండి, నాలుగు వేళ్ల దూరం కూడా పోకముందే పక్కకి జారుతుంది. లోపల గొట్టమనేది లేకపోతే ఈ తుపాకే లేదు. ఇది గైడు మొదటి పని, ఎంత నాసిరకం గైడైనా ఈ పని చేసేస్తుంది. చవక తుపాకుల్లో గైడంటే ఇనప రేకుని గుండ్రంగా చుట్టి, వెనక ఒక బిళ్ల అతికించిన గొట్టం. స్ప్రింగుకీ దానికీ మధ్య అర మిల్లీమీటరు ఖాళీ ఉంటుంది. స్ప్రింగు వంగదు గానీ, పిస్టన్ ఆగాక కూడా చుట్లు ఊగుతూనే ఉంటాయి. ఊగి ఊగి ఆ రేకుని కొడతాయి. మీ దవడకి తెలిసింది అదే.

ఖాళీ తగ్గిస్తే సరి కదా అంటారా? అక్కడే ఉంది తమాషా అంతా.

బాలానగర్‌లో ఒక లేత్ మేస్త్రీ దగ్గర నేను గైడ్లు చేయించుకుంటాను. మొదటిసారి కొలతలు చెప్పినప్పుడు కళ్లజోడు పైకెత్తి నన్ను అదోలా చూశాడు. "స్ప్రింగు లోపలి కొలత పదిహేనంటున్నరు. గొట్టమేమో పదిహేను పాయింట్ సున్నా ఎనిమిది జెయ్యమంటున్నరు. గదెట్ల ఎక్కుతది సార్?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. గాజులమ్మే ఆవిడ బిగుతు గాజుని చేతికి ఎలా ఎక్కిస్తుందో గుర్తు చేసుకోమన్నాను: తిప్పుతూ, తోస్తూ. స్ప్రింగుని చుట్టు విడే దిక్కుగా తిప్పుతూ తోస్తే కాస్త తెరుచుకుని గొట్టమెక్కుతుంది. లాగారో, పట్టేసుకుంటుంది. "తీసేటప్పుడు గూడ గట్లనేనా?" అన్నాడు. అంతే, అప్పుడూ తిప్పుతూ తోయడమే, లాగడం లేదు.

దీని వెనక చిన్న లెక్క ఉంది, విసుక్కోకుండా వినండి. స్ప్రింగుని నొక్కితే దాని పొడవు తగ్గుతుందని అందరికీ తెలుసు. వ్యాసం కొంచెం పెరుగుతుందన్నది చాలామందికి తట్టదు. ఏటవాలుగా ఉన్న చుట్టు బల్లపరుపుగా పడుకున్నప్పుడు అదే తీగ కాస్త పెద్ద వృత్తమవుతుంది, అవ్వక తప్పదు. మన స్ప్రింగుని చుట్టు మీద చుట్టు ఆనేదాకా నొక్కితే వ్యాసం సుమారు 0.17 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంటే 15.08 గొట్టం మీద బిగుతుగా కూర్చున్న స్ప్రింగు, తుపాకి కాక్ చేసేసరికి గొట్టాన్ని వదిలేసి హాయిగా నిలబడుతుంది. ట్రిగ్గర్ నొక్కినప్పుడు మొదటి పరుగు దాదాపు స్వేచ్ఛగా సాగుతుంది. పిస్టన్ ఆగే వేళకి స్ప్రింగు మళ్లీ సన్నబడి గొట్టాన్ని పట్టుకుంటుంది. ఊగాల్సిన సమయంలో ఊగకుండా పట్టు దొరుకుతుందన్నమాట. బిగుతు గైడు వేగాన్ని తినేస్తుందని భయపడేవాళ్లు ఈ ఆరో వంతు మిల్లీమీటరుని లెక్కలోకి తీసుకోరు.

అసలు మాట ఇప్పుడు చెప్పేస్తాను. గైడు దేంతో చేశారన్నదానికన్నా ఎంత పొందికగా చేశారన్నదే ముఖ్యం. కానీ ఆ పొందికని తట్టుకునే పదార్థాలు కొన్నే. పదార్థాల చర్చంతా నిజానికి ఈ ఒక్క షరతు చుట్టూ తిరుగుతుంది.

ఉక్కు సంగతి చూడండి. బలానికి లోటు లేదు, అరుగుదల తక్కువ, ఎండకీ తేమకీ కొలత పెద్దగా మారదు. ఇంగ్లండులో పాతకాలపు చేయి తిరిగిన పనివాళ్లు ఉక్కు గైడుని అద్దంలా పాలిష్ చేసి వేసేవాళ్లు. చూడ్డానికి ఎంత అందమో. చిక్కేమిటంటే ఉక్కు మీద ఉక్కుని బిగుతుగా ఎక్కించలేం. రెండూ గట్టివే, ఎవరూ సర్దుకోరు, ఒరుసుకుని గీరుకుంటాయి. కాబట్టి 0.1 నుంచి 0.2 దాకా ఖాళీ వదలాల్సిందే. ఖాళీ వదిలితే ఝణఝణ మళ్లీ హాజరు. దాన్ని నొక్కడానికి గ్రీజు. తారులాంటి చిక్కటి గ్రీజు పూస్తే శబ్దం పోతుంది, నిజమే, దాంతోపాటు కొంత వేగమూ పోతుంది. చలికాలంలో ఆ గ్రీజు గట్టిపడి పొద్దున్న ఒక వేగం, మధ్యాహ్నం ఒక వేగం. పైగా అది ముందుకి పాకి గాలి నలిగే గదిలోకి చేరిందంటే, ఆ వేడికి డీజిల్ ఇంజనులో జరిగినట్టే మండుతుంది. పొగ, పెద్ద చప్పుడు, పిస్టన్ సీలుకి చేటు. చెడ్డ గైడుని గ్రీజుతో దాచిపెట్టడం నాకెప్పుడూ నచ్చలేదు.

ఇత్తడి గురించి ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, బంగారంలా మెరుస్తుంది కదా అని. స్ప్రింగు తీగ బాగా గట్టిది, ఇత్తడి దాని ముందు మెత్తన. కొన్నాళ్లకి గైడు మీద చుట్టుకొక గాడి పడుతుంది. అల్యూమినియం ఇంకా అన్యాయం. రాపిడికి అంటుకుని, ఊడి, నల్లటి పేస్టు తయారు చేస్తుంది. పైన గట్టి యానోడైజింగ్ పొర వేయిస్తే కొంత మేలు, కానీ అంత తంటా దేనికి?

ప్లాస్టిక్ అనగానే మొహం చిట్లించేవాళ్లుంటారు, నాసి సరుకని. అచ్చులో పోసిన నైలాన్ గైడ్లు చాలా కంపెనీలవి వదులుగా ఉండేమాట నిజమే. దానికి నైలాన్ గుణమే ఒక కారణం. నైలాన్ గాలిలోని తేమ తాగుతుంది. పూర్తిగా పొడిగా ఉన్న నైలాన్ 66 మామూలు తేమకి అలవాటు పడేసరికి అర శాతం పైనే ఉబ్బుతుంది. నీళ్లలో నానితే తన బరువులో ఎనిమిది శాతం దాకా నీరు పీలుస్తుంది. 15 మిల్లీమీటర్ల గొట్టానికి అర శాతమంటే 0.08 మిల్లీమీటర్ల దరిదాపు. మనం పైన ఎంతో లెక్క వేసి పెట్టుకున్న బిగుతంతా అంతే కదా! కాకినాడలో ఒకలా, అనంతపురంలో ఒకలా కూర్చునే గైడుతో ఎవరు వేగుతారు? అందుకే తయారు చేసేవాళ్లు ముందే వదులు పెట్టి చేతులు దులుపుకుంటారు.

ఇక డెల్రిన్. డ్యూపాంట్ కంపెనీ 1960లో మార్కెట్లోకి తెచ్చిన అసిటాల్ ప్లాస్టిక్ పేరు అది. మన సికింద్రాబాదు రాణిగంజ్ దుకాణాల్లో ఇప్పుడు అసిటాల్ అంటే ఎవరికీ తెలియదు, ఏ కంపెనీదైనా డెల్రినే. తెల్లది, నల్లది కడ్డీలుగా దొరుకుతుంది, కోసి తూకానికి ఇస్తారు. దీని గుణాలు ఈ పనికే పుట్టినట్టుంటాయి: తేమ దాదాపు తాగదు, ఉక్కు మీద నూనె లేకుండానే జారుతుంది, లేత్ మీద వెన్నలా తెగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, నొక్కితే కొంచెం లొంగి వదలగానే మళ్లీ నిలుస్తుంది. ఉక్కు చేయలేని సర్దుబాటు ఇది చేస్తుంది. 0.05 నుంచి 0.1 దాకా బిగుతు పెట్టినా స్ప్రింగుని గాయపరచదు, తానూ గాయపడదు. తుపాకి విప్పినవాళ్లంతా చివరికి ఈ పదార్థం దగ్గరే ఆగడంలో వింత లేదు.

దీనికీ ఒక పేచీ ఉంది, మన ఎండల్లో అది పెద్ద పేచీయే. వేడికి ఉక్కు కన్నా డెల్రిన్ తొమ్మిది రెట్లు ఎక్కువ సాగుతుంది. జనవరి పొద్దున 15 డిగ్రీల్లో సరిగ్గా కుదిర్చిన గొట్టం, మే నెలలో రామగుండం ఎండకి 45 డిగ్రీల్లో 0.05 మిల్లీమీటర్లు లావెక్కుతుంది. స్ప్రింగు వ్యాసంలో తేడా అందులో పదో వంతే. ఇంగ్లండు కొలతలు చూసి పైపైన 0.1 బిగుతు పెట్టుకుంటే మన వేసవిలో అది 0.15 అవుతుంది. స్ప్రింగు దాదాపు పూర్తిగా నలిగేదాకా గొట్టాన్ని వదలదు, పెల్లెట్ వేగం పడిపోతుంది. మొదట్లో 0.08 పెట్టించినా, మన ఊళ్లకి నేనిప్పుడు 0.05 దగ్గరే ఆగుతాను. మేస్త్రీకి ఇంకోమాట కూడా చెప్పి తీరాలి. కోసేటప్పుడు డెల్రిన్ వేడెక్కి ఉబ్బి ఉంటుంది, అప్పుడే మైక్రోమీటరు పెట్టి సరిపోయిందంటే చల్లారాక వదులైపోతుంది. టీ తాగొచ్చి కొలవాలి. అన్నట్టు, లేత్ దగ్గర రాలిన ఆ తెల్లటి తుక్కు ఇలాంటి మంటల్లో మాత్రం వేయకండి. కాలితే ఫార్మాల్డిహైడ్ వస్తుంది, కళ్లూ ముక్కూ మండిపోతాయి. దాని మంట కూడా నీలంగా, సరిగ్గా కంటికి ఆనదు.

టెఫ్లాన్ ఇంకా జారుడు కదా అని ఒక మిత్రుడు వాదించేవాడు. జారుడే. కానీ ఒత్తిడి కింద మెల్లగా పారిపోతుంది, ఇవాళ 15 ఉన్నది కొన్నాళ్లకి ఎటో నొక్కుకుపోతుంది. పీక్ అనే ప్లాస్టిక్ అన్నివిధాలా దొడ్డది, ధర కూడా అంతే. విమానాల్లో వాడేదాన్ని బుడగలు పేల్చడానికి వాడతానంటే మీ ఇష్టం.

పదార్థం తేలింది, ఇక ఆకారం. చూడ్డానికి ఒక బిళ్ల, దాని మీద గొట్టం, అంతే. మధ్యలో రంధ్రం ఎందుకంటే, చాలా రైఫిళ్లలో పిస్టన్‌కి వెనక ఒక కడ్డీ ఉంటుంది. కాక్ చేసినప్పుడు ఆ కడ్డీ గైడు గుండా వెనక్కి వచ్చి ట్రిగ్గర్‌కి చిక్కుతుంది. జర్మనీలో మెల్‌రిక్‌స్టాట్ ఊరి వైరౌఖ్ కంపెనీ చేసే హెచ్‌డబ్ల్యూ80, హెచ్‌డబ్ల్యూ77 లాంటివాటిలో పేరుమోసిన రెకార్డ్ ట్రిగ్గర్ పట్టుకునేది ఆ కడ్డీ చివరనే. కాబట్టి గొట్టం గోడకి దొరికే మందం, స్ప్రింగు లోపలి వ్యాసానికీ కడ్డీకీ మధ్య మిగిలినంతే. కడ్డీ 10 మిల్లీమీటర్లనుకుంటే రంధ్రం 10.2 చాలు కదా అనిపిస్తుంది. చాలదు. బిగుతు స్ప్రింగు బయటినుంచి నొక్కితే గొట్టం లోపలికి ముడుచుకుంటుంది, కడ్డీ పట్టేస్తుంది. 10.5 లేదా 10.6 పెట్టండి. గోడ రెండు మిల్లీమీటర్ల పైనే మిగులుతుంది, అది చాలు. ఒకటిన్నర కన్నా పలచనైతే డెల్రిన్ని నేను నమ్మను.

విరిగేది ఎక్కడో తెలుసా? గొట్టం బిళ్లని కలిసే మూలలో. లేత్ మేస్త్రీలకి ఆ మూలని కత్తిలా తొంభై డిగ్రీలకి తీసేదాకా మనసు ఊరుకోదు. అక్కడే పగులు మొదలవుతుంది. చిన్న గుండ్రం వదలమని బతిమాలాలి. దానికి స్ప్రింగు చివర అడ్డం తగలకుండా, చివరి చుట్టు లోపలి అంచుని ఆ మేరకి అరగదీసుకోవాలి. ఇంకో దారి, గొట్టం డెల్రిన్, బిళ్ల ఉక్కు. రెండింటినీ బిగించి కూర్చోబెడితే దెబ్బ తినేచోట ఉక్కు, జారేచోట డెల్రిన్ ఉంటాయి. నాకిదే ఇష్టం, పని ఎక్కువైనా సరే. ముందు కొస మాత్రం సూదిమొనలా కాకపోయినా కాస్త వాలుగా ఉండాలి, లేకపోతే నలుగుతున్న చుట్లు ఒక్కొక్కటే అంచు మీద టిక్కు టిక్కుమంటూ ఎక్కుతాయి. కాక్ చేసేటప్పుడు కీచుమనే తుపాకులకి సగం రోగం అదే.

పొడవెంత? ఎంత ఉంటే అంత మంచిదే, ఒక హద్దు దాకా. మన స్ప్రింగు 32 చుట్లు, 3.2 తీగ, పూర్తిగా నలిగితే 102 మిల్లీమీటర్లు. ఈ వెనక గైడుకి ఎదురుగా పిస్టన్‌లో ఇంకో పొట్టి గైడు ఉంటుంది, దాని ఆకారం చూసి టాప్ హ్యాట్ అన్నారు. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. వెనకది 75, ముందుది 22 పెడితే 97, ఇంకా ఐదు మిల్లీమీటర్లు మిగిలింది, నిశ్చింత. ఆశకొద్దీ ఆ ఐదూ తినేశారో, కాక్ చేసేటప్పుడు ప్లాస్టిక్ ప్లాస్టిక్‌ని గుద్దుకుని ట్రిగ్గర్ పడదు. బ్యారెల్‌ని ఇంకా గట్టిగా విరిస్తే బిళ్ల విరుగుతుంది.

టాప్ హ్యాట్ దగ్గర మాత్రం బరువు ప్రశ్న వస్తుంది. వెనక గైడు కదలదు, అది ఉక్కైనా డెల్రినైనా గుండుకి తేడా తెలియదు. టాప్ హ్యాట్ పిస్టన్‌తోపాటు పరిగెడుతుంది. స్ప్రింగు బరువులో మూడో వంతు కూడా పిస్టన్‌తో కలిసి పరిగెత్తినట్టే లెక్క. అదే ముక్క ఉక్కుతో చేస్తే డెల్రిన్‌కి ఐదున్నర రెట్లు బరువు. బరువు పెరిగితే పిస్టన్ మెల్లగా బయల్దేరి, చివర ఎక్కువ ఊపుతో గాలిని నలుపుతుంది, కుదుపూ పెరుగుతుంది. బరువైన పెల్లెట్లకి అది కొన్నిసార్లు పనికొస్తుంది. 4.5 మిల్లీమీటర్ల తేలిక పెల్లెట్లు కాల్చే మనబోటివాళ్లకి తేలిక టాప్ హ్యాటే మేలు. తుపాకి చేతిలో తక్కువ ఎగురుతుంది.

గైడెంత గొప్పదైనా స్ప్రింగు నడుం భాగం దేనిమీదా ఆనకుండా ఉంటుంది. అక్కడి ఊపుకి పిస్టన్ లోపలి గోడకీ స్ప్రింగుకీ మధ్య పలచటి తొడుగు వేస్తారు. ఇంగ్లండు వాళ్లు కూల్‌డ్రింకు డబ్బా కోసి చుట్టేస్తారు, ఆ రేకు మందం మిల్లీమీటరులో పదో వంతే. ప్లాస్టిక్ సీసా ముక్క అయినా ఫరవాలేదు. చవకలో దొరికే ఇంత మంచి మందు ఇంకోటి లేదు.

స్ప్రింగు నలిగేటప్పుడు దాని చివర కొద్దిగా తిరుగుతుంది కూడా. వదిలినప్పుడు వెనక్కి తిరిగి తుపాకిని పక్కకి మెలేస్తుంది. దానికి బిళ్ల మీద పాలిష్ చేసిన ఉక్కు వాషరు ఒకటి, కింద పలచటి డెల్రిన్ వాషరు ఒకటి వేస్తే చివర జారుతుంది, మెలి చాలావరకు పోతుంది. వాషర్లు వేసినకొద్దీ స్ప్రింగు ముందే ఎక్కువ నలిగి కూర్చుంటుంది, బలం పెరుగుతుంది. అక్కడ ఆగండి, బలానికి చట్టం పెట్టిన హద్దులున్నాయి. బ్రిటన్‌లో ఎయిర్ రైఫిల్‌కి 12 ఫుట్-పౌండ్లు, అంటే 16 జౌల్స్ పైచిలుకు హద్దు. జర్మనీలో మామూలుగా 7.5 జౌల్స్. మన 2016 ఆయుధ నియమాల్లో లైసెన్సు లేకుండా ఉంచుకోగలిగేది 4.5 మిల్లీమీటర్లు, 20 జౌల్స్ మించనిదే. ఆ హద్దులో ఉన్న తుపాకితోనైనా పిట్టల జోలికి పోయారంటే 1972 వన్యప్రాణి చట్టం చూసుకుంటుంది. అట్టముక్క మీదో, బుడగ మీదో తీర్చుకోండి సరదా.

"ఇంత తంటా ఎందుకు, స్ప్రింగే తీసేస్తే?" అనే తెలివైనవాళ్లూ ఉన్నారు. ఇంగ్లండులో థియోబెన్ కంపెనీ 1980ల్లో ఆ పనే చేసింది. స్ప్రింగు బదులు వాయువు బిగించిన సిలిండర్ పెట్టింది. చుట్లు లేవు, గైడు లేదు, ఝణఝణ లేదు, మెలి లేదు. ఇప్పుడు చవక తుపాకుల్లో కూడా వస్తోంది. ఒలింపిక్స్‌లో 2008లో అభినవ్ బింద్రా, 2012లో మన హైదరాబాదు గగన్ నారంగ్ పతకాలు తెచ్చిన 10 మీటర్ల పోటీలో అయితే ముందే నింపిన గాలితో పనిచేసే రైఫిళ్లే, పెద్ద స్ప్రింగనేదే లేదు. బాగుంది. కానీ స్ప్రింగు బదులు పెట్టిన ఆ వాయువు సిలిండర్ లీకైతే చాలాసార్లు మీరేమీ చేయలేరు, కొత్తది తెప్పించుకోవాల్సిందే. స్ప్రింగూ గైడూ అయితే బాలానగర్ దాకా వెళ్తే చాలు. నా ఓటు ఇంకా స్ప్రింగుకే.

విప్పుతానని ఉత్సాహపడుతున్నారా? ఒక్క జాగ్రత్త. తుపాకి కాక్ చేయకపోయినా లోపల స్ప్రింగు రెండు మూడు అంగుళాలు నలిగే ఉంటుంది. వెనక బిగించిన ముక్కని చేత్తో పట్టుకుని ఊడదీస్తే పళ్లు రాలతాయి. పొడవాటి బిగింపు బల్ల ఒకటి ముందు చేయించుకోండి, దాంట్లో పెట్టి మెల్లగా వదలాలి. కొత్త స్ప్రింగు అయితే కొన్నిసార్లు నలిగి కుదుటపడ్డాకే గైడు కొలత తీయండి, మొదట్లో అది కాస్త పొట్టిదవుతుంది. ఒకేచోట కొలవకండి, కొసల దగ్గర, మధ్యలో వేరుగా ఉంటుంది. కొసలు బిగుతుగా చుట్టి ఉంటే అక్కడి కొలతకే గైడు చేస్తే నడుం వదులవుతుంది. నడుం కొలతకి చేసి, కొస చుట్టుని ఎమరీ కాగితంతో లోపల సర్దుకోవడం మేలు. కోసిన కొస అంచు మీద వేలు పెట్టి చూడండి. గోటికి తగిలితే అది డెల్రిన్‌ని చెక్కేస్తుంది. నున్నగా చేసి, మాలీ (మాలిబ్డినమ్ కలిపిన) గ్రీజు వేలితో తుడిచినంత పూసి, తిప్పుతూ తోసి బిగించేయండి.

కొన్ని వందల గుండ్లు కాల్చాక ఓసారి మళ్లీ విప్పి గైడుని చూడండి. తెల్లటి పొడి రాలి ఉంటే కొస ఇంకా నున్నబడలేదు. ఒక పక్కే మెరుస్తుంటే స్ప్రింగు వంకర, గైడుని తిట్టకుండా స్ప్రింగు మార్చండి. చుట్టూ సమంగా, సన్నగా మెరుపు గీతలుంటే తుడిచి బిగించేయండి, ఇంకో రెండేళ్లు దాని జోలికి పోనక్కర్లేదు.